వైపర్ నీళ్ల ట్యాంకు కారుతుంటే: చోటు పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

వైపర్ లివరు లాగితే మోటారు గుయ్‌మంటుంది, అద్దం మీద మాత్రం చుక్క పడదు. బానెట్ ఎత్తి చూస్తే మొన్న నింపిన ట్యాంకు ఖాళీ. కర్నూలు, అనంతపురం, కడప వైపు తిరిగే కార్లకు ఇది తరచూ వచ్చే ఇబ్బందే. చాలామంది పట్టించుకోరు. పొద్దున ఒక చెంబు నీళ్లు అద్దం మీద కుమ్మరించి బయల్దేరతారు. ఎర్రగుంట్ల, ముద్దనూరు దారిలో సిమెంటు లారీల వెనకో, బేతంచెర్ల వైపు నాపరాళ్ల లోడు వెనకో పడ్డప్పుడు ఆ చెంబు దగ్గరుండదు. అద్దానికి పట్టిన రాతిపొడి మీద వైపర్‌ను పొడిగా తిప్పితే గాజు గీరుకుపోతుంది. ఆ గీతలు పగలు కనపడవు. రాత్రి ఎదురుబండి లైట్లు పడగానే దారంతా చెదిరిపోయినట్టు కనిపిస్తుంది. గీతలు లోతుగా పడితే అద్దం మార్చడం తప్ప వేరే దారి ఉండదు. లీకు సరిచేయడానికి మాత్రం ఒక పూట పని, కొద్దిపాటి సామాను చాలు.

మొదలుపెట్టే ముందే ఒకటి తెలుసుకోండి. ఈ పనిలో కారే చోటు ఒకటి, కారణం ఇంకోటి. మన బోరు నీళ్లలోని ఉప్పు, అద్దం మీదికి నీళ్లు చిమ్మే నాజిల్ రంధ్రంలో గట్టిపడి దారి మూసేస్తుంది. మోటారు తోసే నీళ్లకు బయటికి పోయే దారి లేక ఒత్తిడంతా పైపు మీద పడుతుంది. ఎండకు పెళుసెక్కిన జాయింటు ఎక్కడుంటే అక్కడ ఊడుతుంది. ఊడిన జాయింటును బిగించి నాజిల్‌ను అలాగే వదిలేస్తే, కొన్నాళ్లకు మరో జాయింటు ఊడుతుంది. అందుకే లీకు ట్యాంకు దగ్గరే దొరికినా నాజిల్ కూడా శుభ్రం చేసేదాకా పని అయిపోయినట్టు కాదు.

లోపల ఏముంటుంది

ఒక ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. చాలా కార్లలో రెండు నుంచి నాలుగు లీటర్లు పడుతుంది. నీళ్లు పోసే మూతి బానెట్ కింద కనిపిస్తుంది గానీ ట్యాంకు ఒళ్లంతా ముందు బంపర్ వెనకో, మడ్‌గార్డు లోపలో దాక్కుని ఉంటుంది. దాని అడుగున పక్కగా ఒక చిన్న 12 వోల్టుల మోటారు ఉంటుంది. దాన్ని బోల్టుతో కాకుండా ఒక రబ్బరు బుష్‌లోకి నొక్కి కూర్చోబెడతారు. మెకానిక్కులు, స్పేర్ పార్ట్స్ వాళ్లు దీన్ని గ్రోమెట్ అని కూడా అంటారు. మోటారు నుంచి సన్నని పైపు బయల్దేరి, బానెట్ కీలు పక్కగా పైకెక్కి, ఒక టీ జాయింటు దగ్గర రెండుగా చీలి నాజిళ్లకు చేరుతుంది. దారిలో నీళ్లు వెనక్కి జారకుండా చిన్న వన్‌వే వాల్వు ఉంటుంది. వెనక అద్దానికి కూడా వైపర్ ఉన్న బండి అయితే ఇంకో పైపు బండి లోపలి నుంచి డిక్కీ దాకా పోతుంది.

మోటారు ఆగినప్పుడు అది నీళ్లను ఆపదు. లోపల చిన్న రెక్క తప్ప మూత ఏమీ లేదు. కాబట్టి మోటారు దగ్గర పైపు ఊడిందంటే, మీరు లివరు ముట్టుకోకపోయినా ట్యాంకు మొత్తం కారిపోతుంది.

కారేవి ఏ నీళ్లో తేల్చుకోండి

బండి కింద తడి కనపడగానే వైపర్ ట్యాంకే అనుకోకండి. ఏసీ వేసుకుని వచ్చి ఆపినప్పుడు ముందు సీట్ల కింది భాగంలో రంగు, వాసన లేని నీళ్లు కారడం సహజం. అది రోగం కాదు. వేళ్ల మధ్య జిగటగా జారుతూ, కాస్త తీపి వాసనతో, ఆకుపచ్చగానో ఎర్రగానో ఉంటే అది రేడియేటర్ కూలెంట్. అలాంటప్పుడు బండిని నడపకుండా ఆ పని ముందు చూసుకోండి. వైపర్ నీళ్లు అయితే ముందు బంపర్ మూలన, ట్యాంకు ఉన్న వైపే పడతాయి. షాంపూ కలిపి ఉంటే ఆ వాసన వస్తుంది. అనుమానం తీరకపోతే రంగున్న వాషర్ లిక్విడ్ కలిపి నింపండి. నీలం మరక ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది.

పొరపాటు జరిగేది ఇంకోచోట ఉంది. వైపర్ ట్యాంకు మూత మీద అద్దం, దాని మీద చిమ్మే నీటి ధార బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ లేని మూత తీసి నీళ్లు పోయకండి. పక్కనే కూలెంట్ డబ్బా ఉంటుంది, ఇంజను వేడిగా ఉన్నప్పుడు దాని మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

లీకు చోటు పట్టుకోవడం

సగం పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. బండిని సమతలంగా ఉన్న చోట ఆపండి. ట్యాంకు మూతి దాకా నింపి, కింద పాత అట్టపెట్టె పరచి, లివరు ముట్టుకోకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే మూడింట్లో ఒకటి కనిపిస్తుంది.

నీళ్లు పూర్తిగా పోయి ఉంటే లీకు అడుగున ఉంది. మోటారు బుష్, లేదా మోటారు నుంచి బయటికొచ్చే పైపు, లేదా ట్యాంకు అడుగు పగులు.

కొంత దిగి ఒకచోట ఆగిపోతే, ఆగిన మట్టం దగ్గరే ట్యాంకుకు పగులుంది. ఎన్ని లీటర్లు పోస్తే మళ్లీ నిండిందో కొలుచుకోండి. పగులు ఎంత ఎత్తులో ఉందో ట్యాంకు విప్పకముందే అంచనా దొరుకుతుంది. ట్యాంకు మెడ రెండు ముక్కలుగా వచ్చే బళ్లలో ఆ అతుకు దగ్గర కూడా ఇలాగే దిగి ఆగుతుంది.

నీళ్లు ఏమాత్రం దిగకపోతే లీకు నీళ్లు కొట్టినప్పుడే వస్తోందన్నమాట. పైపు, టీ, వాల్వు, నాజిల్ వీటిలో ఒకటి. ఇప్పుడు ఇంకొకరి సాయం కావాలి. ఒకరు లోపల కూర్చుని లివరు రెండు మూడు సెకన్లు లాగి వదలాలి, ఒకరు టార్చి పట్టుకుని పైపు దారంతా చూడాలి. బానెట్ పైకెత్తి ఉన్నప్పుడు వైపర్లు లేచి కొన్ని బళ్లలో బానెట్ అంచుకు కొట్టుకుంటాయి. ఫ్యూజ్ బాక్సు మూత మీద చూడండి, వైపర్‌కు, వాషర్‌కు వేరువేరు ఫ్యూజులుంటే వైపర్ ఫ్యూజు తీసి పరీక్షించండి. రెండింటికీ ఒకటే అయితే బానెట్ దించి కింద నుంచి చూడాలి.

ఇలా చూసినా ఏమీ దొరక్కపోతే నాజిల్ రంధ్రాలను వేలితో గట్టిగా మూసి పట్టుకుని, ఒక్క రెండు సెకన్లు మాత్రం లివరు లాగించండి. ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న జాయింటు దగ్గర నీళ్లు సన్నగా చిమ్ముతాయి. అంతకంటే ఎక్కువ సేపు లాగొద్దు.

లివరు లాగిన చాలాసేపటికి నీళ్లొస్తున్నాయి, ఎక్కడా తడి లేదు అంటే అది లీకు కాదు. వన్‌వే వాల్వు పని చేయక పైపులోని నీళ్లు వెనక్కి ట్యాంకులోకి జారిపోతున్నాయి. వాల్వు మారిస్తే చాలు. దాని మీద బాణం గుర్తు నాజిల్ వైపు ఉండాలి.

కావలసిన సామాను

పదో నంబరు సాకెట్ పానా, స్టార్ స్క్రూడ్రైవర్, చదునైన స్క్రూడ్రైవర్ ఒకటి, కటింగ్ ప్లేయర్, కొత్త బ్లేడు, టార్చి, ఐదు లీటర్ల బేసిన్, పాత గుడ్డలు, సన్న కేబుల్ టైలు. పైపు కొనేముందు పాత పైపు ముక్క కోసి అంగడికి తీసుకెళ్లండి. చాలా బళ్లకు లోపలి కొలత 4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, కానీ కంటి లెక్కతో కొంటే సగం మిల్లీమీటరు తేడాకే జాయింటు నిలవదు. బుష్ కూడా పాతది చూపించి, బండి మోడల్, సంవత్సరం చెప్పి తీసుకోండి. బుష్, పైపు, టీ పదుల రూపాయల్లో వచ్చేవి. మోటారుకైతే కొన్ని వందలు పెట్టాలి.

ట్యాంకు దాకా చేరడం

ట్యాంకు ఎడమ వైపుంటే స్టీరింగును పూర్తిగా కుడికి తిప్పండి, కుడి వైపుంటే ఎడమకు. అప్పుడు టైరు ముందు అంచు లోపలికి పోయి, ట్యాంకు వైపు చోటు తెరుచుకుంటుంది. ఇంజను ఆపి, తాళం తీసి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. చాలా బళ్లకు చక్రం విప్పక్కర్లేదు. విప్పాల్సి వస్తే వెనక టైర్లకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీతో లేపాక కింద స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి గానీ తల గానీ లోపలికి పెట్టకండి.

మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ కవరును ప్లాస్టిక్ క్లిప్పులు, కొన్ని స్క్రూలు పట్టి ఉంచుతాయి. క్లిప్పు మధ్యలో ఉన్న పిన్నును చదునైన స్క్రూడ్రైవర్‌తో కొంచెం పైకి లేపి, తరవాతే క్లిప్పు మొత్తాన్ని లాగాలి. పిన్ను లేపకుండా పీకితే విరుగుతుంది. పాత బండికి ఎంత జాగ్రత్తగా తీసినా ఒకటి రెండు విరుగుతాయి, అదనంగా నాలుగు కొనిపెట్టుకోండి. కవరు మొత్తం ఊడదీయక్కర్లేదు. ముందు సగం విప్పి వెనక్కి వంచి తాడుతో కట్టేస్తే సరిపోతుంది. లోపల పేరుకున్న ఎర్రమట్టిని బ్రష్షుతో దులపండి. ఆ మట్టి తడిసి ఎక్కడ ముద్దగా అంటుకుందో అక్కడికి పైనే లీకు. బంపర్ ఊడిస్తే తప్ప ట్యాంకు అందని బళ్లు కూడా కొన్ని ఉన్నాయి. బంపర్ తీయడం అలవాటు లేకపోతే అంతవరకు షెడ్డులో తీయించండి.

మోటారు బుష్ మార్చడం

ఎక్కువ బళ్లలో లీకు ఇక్కడే దొరుకుతుంది. ఏడాదికి నాలుగు నెలలు 40 డిగ్రీల దరిదాపుల్లో ఉడికే చోట, ఇంజను పక్కన ఉన్న రబ్బరు గట్టిపడి కుంచించుకుపోతుంది. బుష్ చుట్టూ తెల్లని ఉప్పు గీత కట్టి ఉంటే ఇక వెతకక్కర్లేదు.

కింద బేసిన్ పెట్టండి. మోటారు వైరు ప్లగ్గు పక్కన ఉన్న నాలుకను నొక్కి ప్లగ్గు తీయండి, వైరు పట్టి లాగకండి. పైపు తీసేయగానే మోటారు మూతి గుండా నీళ్లొస్తాయి, పూర్తిగా కారనివ్వండి. తరవాత మోటారు పైభాగాన్ని పట్టుకుని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ట్యాంకు నుంచి బయటికి లాగండి. రాకపోతే కాసిని వేడినీళ్లు బుష్ మీద పోసి మళ్లీ ప్రయత్నించండి. స్క్రూడ్రైవర్‌తో తన్నితే ట్యాంకు రంధ్రం అంచు చీలుతుంది. అంచు చీలితే కొత్త బుష్ వేసినా ఆగదు.

పాత బుష్ తీశాక ఆ రంధ్రంలో వేలు పెట్టి చూడండి. అడుగున జారుడుగా, పాచి కలిసిన మట్టి తగులుతుంది. మంచినీళ్లు పోసి, ఊపి, పారబోసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. బుష్‌కు గానీ మోటారు మూతికి గానీ చిన్న జల్లెడ ఉంటుంది. దాన్ని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, చిరిగి ఉంటే మార్చండి. జల్లెడ లేకుండా బిగిస్తే ఆ మట్టంతా నాజిల్‌కే పోతుంది.

రంధ్రం అంచును పొడిగుడ్డతో తుడిచి, కొత్త బుష్‌ను పొడిగానే ట్యాంకుకు తొడగండి. చుట్టూ అంచు సమంగా కూర్చోవాలి, ఎక్కడా ముడత పడకూడదు. మోటారు మూతికి సబ్బునీళ్లు రాసి బొటనవేలితో నిటారుగా నొక్కండి, పూర్తిగా దిగేదాకా. గ్రీజు, ఇంజనాయిల్ రాయొద్దు. ఈ రబ్బరు నూనెకు ఉబ్బి మెత్తబడుతుంది. బుష్ చుట్టూ సిలికాన్ గమ్ము పూయమని కొందరు సలహా ఇస్తారు. ఈ ప్లాస్టిక్‌కు అది గట్టిగా పట్టదు, పైగా వచ్చేసారి మోటారు తీయడం కష్టమవుతుంది.

నీళ్లు బుష్ దగ్గర కాకుండా మోటారు ఒంటి నుంచి, లేదా వైరు ప్లగ్గు లోపలి నుంచి వస్తుంటే లోపలి సీలు పోయినట్టే. ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఆ మోటారు విప్పి బాగుచేసేది కాదు, మార్చాలి. ప్లగ్గు పిన్నులను కూడా గీకి శుభ్రం చేయండి. లేకపోతే కొత్త మోటారుకు కరెంటు సరిగ్గా అందదు.

పైపు కోతలు, జాయింట్లు

పైపు మీద జంట పళ్ల గాట్లు కనిపిస్తే ఎలుక పనే. శనక్కాయ మూటల దగ్గరో, గడ్డివాము పక్కనో బండి ఆపేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఎలుక పైపుతో ఆగదు, పక్కన వైర్లు కూడా చూడండి.

దెబ్బతిన్న ముక్కను బ్లేడుతో నిటారుగా కోసేయండి. ఏటవాలుగా కోస్తే జాయింటు మీద ఒక పక్కే పట్టు దొరుకుతుంది. పైపు కొసను ఒక నిమిషం వేడినీళ్లలో ముంచి, మెత్తబడగానే జాయింటు మీది గాట్లన్నీ దాటేదాకా తోయండి. చల్లారాక అదే బిగుసుకుంటుంది. కేబుల్ టై వేయొచ్చు గానీ బలమంతా పెట్టి లాగితే సన్నని ప్లాస్టిక్ టీ లోపల చిట్లుతుంది. ఒక్క కోతైతే జాయింటు చాలు. రెండు మూడు చోట్ల గాట్లుంటే మొత్తం పైపు మార్చేయండి, జాయింట్లు పెరిగే కొద్దీ లీకులూ పెరుగుతాయి.

బానెట్ కీలు దగ్గర పైపు ప్రతిసారీ వంగుతుంది. అక్కడ కొత్త పైపు వేస్తే కాస్త వదులు ఉంచి, బానెట్‌ను పూర్తిగా ఎత్తి, దించి చూడండి. ఎత్తినప్పుడు లాక్కోకూడదు, దించినప్పుడు నలగకూడదు. ఎలుకల బెడద ఉన్నచోట, ఎలక్ట్రికల్ అంగళ్లలో దొరికే గాడుల ఫ్లెక్సిబుల్ పైపును నిలువునా చీల్చి దీని మీద తొడగండి.

ఊరికి దూరంగా ఇరుక్కుంటే అక్వేరియంకు వాడే గాలి పైపు పనికొస్తుంది, అదీ లోపల 4 మిల్లీమీటర్లే. ఇంజను వేడికి అది ఎక్కువ రోజులు నిలవదు. ఊరు చేరాక అసలు పైపు వేసుకోండి.

ట్యాంకు పగిలితే

వీలైతే మార్చేయండి. కొత్తది ఖరీదనిపిస్తే గుజిరీలో అదే మోడల్ ట్యాంకు దొరుకుతుంది, నీళ్లు పోసి చూసి కొనండి. ఈ ట్యాంకుల ప్లాస్టిక్‌కు మామూలు గమ్ములు, ఎపాక్సీ ముద్దలు పైపైన అంటుకున్నట్టే ఉండి, వేడికి పొరలా లేచిపోతాయి. నిలిచేది వేడితో అతకడమే.

ట్యాంకు మీద చిన్న అక్షరాల్లో పీపీ అనో పీఈ అనో ముద్ర ఉంటుంది. అతకడానికి అదే రకం ప్లాస్టిక్ ముక్క కావాలి. ఒకటి ఇంకోదానితో కలవదు. ముందు ట్యాంకును మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. వాషర్ లిక్విడ్‌లో ఆల్కహాల్ ఉంటే దాని ఆవిరికి నిప్పంటుకుంటుంది. పగులు రెండు కొసల్లోనూ రెండు మిల్లీమీటర్ల రంధ్రం వేయండి, అప్పుడు పగులు ముందుకు పాకదు. పగులు వెంట బ్లేడుతో కాలువలా గీసి, సోల్డరింగ్ ఐరన్‌తో అంచులు కరిగిస్తూ ప్లాస్టిక్ ముక్కను అందులో నింపండి. పైన కూర్చున్నంత మాత్రాన అతుకు కాదు. కింద ప్లాస్టిక్ కూడా కరిగి రెండూ కలవాలి. పొగ పీల్చకుండా ఆరుబయట చేయండి. చల్లారాక నింపి, గంటసేపు పొడి కాగితం మీద ఉంచండి.

నాజిల్

నాజిల్‌ను బానెట్ కింది వైపు నుంచి నాలుకలు నొక్కి పైకి తీయొచ్చు. పైపు తీసేసి, ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు టీస్పూన్ల నిమ్మ ఉప్పు కరిగించి, అందులో అరగంట నానబెట్టండి. కిరాణా అంగట్లో దొరికే వెనిగర్ అయినా సరే. ఉప్పు గట్టిగా పట్టి ఉంటే చిన్న బుడగలు లేస్తాయి. తరవాత నీళ్లు చిమ్మే వైపు నుంచి గాలి ఊదండి, చెత్త వచ్చిన దారినే బయటికి పోవాలి. నాజిల్ బండి మీద ఉండగానే బయటి నుంచి సూదితో పొడిస్తే చెత్త లోపలికే పోయి మళ్లీ అడ్డం పడుతుంది. నీళ్లను విసనకర్రలా పరిచే రకం నాజిల్ అయితే సూది అసలు పెట్టకండి, లోపలి సన్నని గాడులు చెడతాయి. నిమ్మ ఉప్పు నీళ్లు పెయింటు మీద పడితే వెంటనే కడిగేయండి.

వెనక అద్దం

వెనక అద్దానికి నీళ్లు రాకుండా, డిక్కీ కార్పెట్టో పైకప్పు గుడ్డో తడుస్తుంటే, డిక్కీ తలుపు కీలు దగ్గరి రబ్బరు గొట్టం తీసి చూడండి. తలుపు తెరిచిన ప్రతిసారీ పైపు అక్కడే వంగుతుంది, అక్కడి జాయింటే ముందు ఊడుతుంది. దీన్ని వాయిదా వేయకండి, అదే గొట్టంలో వైర్లు కూడా ఉంటాయి. కొన్ని బళ్లలో రెండు మూతులున్న ఒకే మోటారు, ఒకవైపు తిరిగితే ముందుకు, ఇంకోవైపు తిరిగితే వెనక్కి నీళ్లు పంపుతుంది. ఆ పైపులు తారుమారు చేస్తే ముందు లివరుకు వెనక అద్దం తడుస్తుంది. విప్పేముందే ఒకదానికి టేపు చుట్టి గుర్తుపెట్టుకోండి.

పరీక్ష, నింపడం

కవరు బిగించకముందే ఒక లీటరు పోసి, ఐదు సెకన్లు కొట్టి, కాస్త ఆగి, అలా నాలుగైదుసార్లు చేయండి. ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తడిమి చూడండి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు మోటారు నడపకండి, నీళ్లే దానికి చల్లదనం, అదే జారుడు. తడి లేదని తేలాక కవరు బిగించండి.

నింపేది బోరు నీళ్లు కాకూడదు. సున్నపురాయి నేల మీద ఉన్న కడప, కర్నూలు ఊళ్లలో బోరు నీళ్లు బిందెకే తెల్లగా గార కడతాయి. సన్నని నాజిల్ ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇంటికొచ్చే క్యాను నీళ్లు, అంటే ఆర్వో నీళ్లు వాడండి. ఏసీ నుంచి కారే నీళ్లు గుడ్డలో వడగట్టి పోసినా మేలే. వాషర్ లిక్విడ్ కలిపితే సీసా మీద రాసిన కొలత ప్రకారమే కలపండి. అది లేకపోతే రెండు లీటర్ల నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ ఐదారు చుక్కలు చాలు. బట్టల సబ్బుపొడి వద్దు, కరగని పలుకులు జల్లెడకు పడతాయి. చలిదేశాల కోసం చేసిన, గడ్డకట్టని రకం లిక్విడ్‌కు ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

చివరికి నాజిల్ గురి సరిచేయండి. గుండు రకం నాజిల్ అయితే రంధ్రంలో గుండుసూది ఆనించి మెల్లగా తిప్పొచ్చు. ఆగి ఉన్న బండిలో ధార అద్దం నడిమికంటే నాలుగు వేళ్లు పైన పడాలి. హైవే మీద వేగంగా పోయేటప్పుడు గాలి ధారను కిందికి అణుస్తుంది, అప్పుడు సరిగ్గా డ్రైవరు చూపు పడే చోట తడుస్తుంది.